కానుకల లెక్క చూసినవాడు

రాజసూయం చేసేటప్పుడు ధర్మరాజు బంధువులకు తలా ఒక పని పురమాయించాడు. భోజనాల ఏర్పాట్లు దుశ్శాసనుడికి, బ్రాహ్మణుల మర్యాదలు అశ్వత్థామకు, బంగారమూ రత్నాలూ దక్షిణలూ కృపాచార్యుడికి, ఖర్చుల పద్దు విదురుడికి. దేశదేశాల రాజులు తెచ్చిన కానుకలు అందుకునే పని మాత్రం దుర్యోధనుడికి ఇచ్చాడు. పెళ్లిలో చదివింపులు రాయడానికి ఎవర్ని కూర్చోబెట్టాలో మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. డబ్బు దగ్గర నమ్మకస్తుడై ఉండాలి, చేతిరాత బాగుండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ ఇంటి మీద ఏడుపు లేనివాడై ఉండాలి. ధర్మరాజుకు ఆ మూడోది తట్టినట్టు లేదు.

తట్టకపోతే ఏమైందో సభాపర్వంలో ఉంది. హస్తినకు తిరిగొచ్చాక దుర్యోధనుడు ఆ కానుకల జాబితా అంతా తండ్రికి అప్పజెబుతాడు. ఎంతసేపు చెబుతాడో! కాంభోజులు తెచ్చిన ఉన్ని కంబళ్లు, తోళ్లు, గుర్రాలు. కొండజాతులవాళ్లు మోసుకొచ్చిన, చీమలు తవ్విపోసిన బంగారం. ఏనుగులు. లోపలికి రానివ్వక వాకిట్లోనే కానుకలు పట్టుకుని నిలబడిపోయిన రాజులు. అందుకుని అందుకుని తన చెయ్యి పడిపోయిందంటాడు. సహదేవుడు దక్షిణ దిక్కున గెలిచినవాళ్లలో ఆంధ్రుల పేరూ ఉంది కాబట్టి ఆ రాశుల్లో మనవాళ్ల మూట కూడా ఒకటి ఉండే ఉంటుంది. ఎవరేం తెచ్చారో, ఎన్నెన్ని తెచ్చారో ఒక్కటి మరిచిపోలేదు మహానుభావుడు. ఇన్ని చెప్పి మధ్యలో ఇంకో మాట అంటాడు: గూనివాళ్లూ మరుగుజ్జులతో సహా అందరూ తిన్నారో లేదో స్వయంగా చూసుకుంటేగానీ ద్రౌపది భోజనానికి కూర్చోలేదట. ఇదే మాట ఇంకెవరు చెప్పినా ఆ ఇల్లాలికి మెచ్చుకోలు అయ్యేది. ఇతని నోట ఫిర్యాదైంది.

మనకు దుర్యోధనుడి బాధ అనగానే మయసభలో నీళ్లలో పడటం గుర్తొస్తుంది. 1977లో 'దానవీరశూరకర్ణ' వచ్చిన దగ్గర్నుంచీ ఆ అవమానం ఎన్టీ రామారావు గొంతుతో మన ఇళ్లలో స్థిరపడిపోయింది. నాకు మాత్రం కాలు జారిన సంగతి కన్నా అంతకు ముందు జరిగిన ఈ లెక్కే అసలు జబ్బనిపిస్తుంది. నీళ్లలో పడితే బట్టలు మార్చుకోవచ్చు. ధర్మరాజు కొత్త బట్టలు ఇప్పించాడు కూడా. తలలోకి ఎక్కిన జాబితాను ఎవరు మారుస్తారు?

తిరుగు ప్రయాణంలో మేనల్లుడు పాలిపోయి ఉండటం చూసి శకుని అడుగుతాడు, ఏమైందని. నిప్పులో దూకుతాను, విషం మింగుతాను, నీళ్లలో పడి చస్తాను అంటాడితను. అప్పుడు శకుని నోట మొదట వచ్చింది పాచికల మాట కాదు. యుధిష్ఠిరుణ్ణి చూసి అసూయపడకు, వాళ్ల భాగ్యం వాళ్లు అనుభవిస్తున్నారు, నీకు మాత్రం ఏం తక్కువ, ద్రోణుడున్నాడు, కర్ణుడున్నాడు, కృపుడున్నాడు, తమ్ముళ్లున్నారు, వీళ్లను వెంటేసుకుని నువ్వూ భూమండలం గెలుచుకో అన్నాడు. ఇవాళ కౌన్సెలింగ్ చేసేవాళ్లు కూడా దాదాపు ఇదే చెబుతారు, నీకున్నవి ఒకసారి లెక్కపెట్టుకో అని. ఆ సలహాలో ఉన్న లోటు శకుని నోట వింటే బాగా తెలుస్తుంది. లెక్కల జబ్బు పట్టినవాడి చేతికి ఇంకో చిట్టా ఇచ్చాడాయన. ధృతరాష్ట్రుడూ అదే దారిన పోయాడు. మంచి బట్టలు కడుతున్నావు, మంచి భోజనం తింటున్నావు, మేలుజాతి గుర్రాలు నిన్ను మోస్తున్నాయి, ఇంకా ఎందుకు చిక్కిపోతున్నావు అని అడిగాడు. అంతగా కావాలంటే నువ్వూ ఒక యజ్ఞం చెయ్యి, నీకూ తెస్తారు కానుకలు అన్నాడు. కొడుకు ఒప్పుకోలేదు. అసంతృప్తే సంపదకు మూలం, అందుకే దాన్ని నేను కావాలని కోరుకుంటున్నాను అన్నాడు.

నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఎయిడెడ్ కాలేజీలో సగం సర్వీసు, ఆ తరవాత ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. ఆ రెండో కాలేజీలో మెట్లెక్కుతుంటే ఎదురుగా గోడ మీద, తృప్తి పడ్డవాడు అక్కడే ఆగిపోతాడు అనే అర్థం వచ్చే మాట ఎర్రరంగులో రాసి ఉండేది. మా స్టాఫ్ రూములో నా పక్క టేబులు సంస్కృతం మాస్టారిది. చేరిన కొత్తలో ఆయన ఆ గోడ చూపించి, "ఇది దుర్యోధనుడి మాటేనండీ, కింద పేరు రాయడం మరిచిపోయారు" అన్నారు. అప్పట్నుంచి ఆ మెట్లెక్కినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. నవ్వాల్సిన విషయం కాకపోయినా.

ప్రతి సోమవారం సాయంత్రం వీక్లీ టెస్టు లిస్టు బోర్డుకు అంటించేవాళ్లు. పేరు, మార్కులు, రాంకు. అమ్మాయిలందరూ ఒక్కసారిగా మీద పడేవాళ్లు. గుంపు వెనక నిలబడి చూస్తే ఒక సంగతి కనిపించేది. కాగితం మీద వేలు పెట్టిన అమ్మాయి ముందు తన పేరు వెతుక్కోదు. వేలు తిన్నగా ఇంకో పేరు దగ్గరికి పోతుంది. పక్క మంచం అమ్మాయిదో, సొంత ఊరి అమ్మాయిదో, పదో తరగతిలో తనతో పోటీపడ్డ అమ్మాయిదో. అక్కడ అంకె చూసుకున్నాకే తన వరస కోసం కిందికో పైకో జరుగుతుంది. తన పేరు కనిపించే వేళకు మొహం ఎలా పెట్టాలో ముందే తేలిపోయి ఉంటుంది. ఒకమ్మాయికి అంతకు ముందు వారం 118 వచ్చి, ఆ వారం 124 వచ్చాయి. రాంకు మాత్రం తొమ్మిది నుంచి పద్నాలుగుకు దిగింది. ఆ ఆరు మార్కుల కోసం ఆ పిల్ల వారమంతా డెఫినిట్ ఇంటెగ్రల్స్ మీద ఎలా కూర్చుందో నాకు తెలుసు. బోర్డు దగ్గర మాత్రం ఏడ్చింది. పేపరు తేలిగ్గా వచ్చింది, అందరికీ పెరిగాయి, అంతే సంగతి. ఆరు మార్కుల చదువు ఎక్కడికీ పోలేదు, ఆ పిల్ల తలలోనే ఉంది. ఆ క్షణానికి అది ఆమెకు ఎందుకూ కొరగాలేదు.

లెక్కల మనిషిని కాబట్టి నాకు ఇది ఇలా అర్థమవుతుంది. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు, లెక్కల వాటా 80. నాకు 60 వచ్చాయంటే అరవై లెక్కలు చెయ్యగలిగాను. ఆ అంకె వెనక లెక్కలున్నాయి, విప్పి చూడొచ్చు. రాంకు వెనక అలాంటిదేమీ లేదు. నా రాంకు తెలియాలంటే నా పేపరు చాలదు, రాసినవాళ్లందరి పేపర్లూ కావాలి. వాళ్లలో ఎవరికైనా ఆ రోజు జ్వరమొస్తే నాకు తెలియకుండానే నా రాంకు మారుతుంది. సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ అయినప్పుడు ఎక్కడో ఒకచోట గీత గియ్యక తప్పదు, దానికి రాంకు పనికొస్తుంది. సీట్ల కౌన్సెలింగ్ దాటగానే దాని పని అయిపోవాలి. మనం దాన్ని ఇంటికి తెచ్చుకుని నలభై ఏళ్లు పెంచుకుంటాం.

'ఎవరితోనో ఎందుకు, నీతో నువ్వే పోటీ పడు' అనేది ఈమధ్య బాగా చెల్లుబాటవుతున్న మాట. దాన్నీ దుర్యోధనుడు పరీక్షించి చూశాడు. పాండవులు అడవిలో ఉండగా అతనూ ఒక యజ్ఞం తలపెట్టాడు. రాజసూయమే చేద్దామనుకున్నాడు, మీ వంశంలో యుధిష్ఠిరుడు బతికుండగా అది కుదరదన్నారు ఋత్విక్కులు. సరే అని వైష్ణవయాగం చేశాడు. బాగానే జరిగింది. స్నేహితులు దీన్ని మించింది లేదన్నారు. మరికొందరు మాత్రం, ధర్మరాజు యజ్ఞంలో పదహారో వంతుకు కూడా ఇది చాలదని మొహం మీదే అనేశారు. సొంత యజ్ఞం చేసుకున్నా కొలబద్ద పక్కవాడిదే అయితే ఇంతే మరి. నాతో నేను పోటీపడ్డా తేడా ఏముంది? నిన్నటి నేను పక్కింటావిడ అయి కూర్చుంటుంది. అరవై దాటాక ఆవిడతో గెలవడం కష్టం, ఆవిడ మోకాళ్లు బాగుండేవి.

ఇంకో సంగతి. దుర్యోధనుడు ఇంద్రుడి సంపద చూసి కుళ్లుకోలేదు. బంధువు సంపద చూసి కుళ్లుకున్నాడు. మనలోనూ అంతే. పేపర్లో అంబానీ ఇంట పెళ్లి ఫొటోలు చూసి నిద్ర పాడుచేసుకున్న ఆడమనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. తోడికోడలు చేయించుకున్న రాళ్ల గాజుల దగ్గర మాత్రం నిద్ర పడుతుందా? ఒకే అత్తగారు, ఒకే ఇల్లు, ఒకే రోజుల్లో పుట్టిన పిల్లలు. వాళ్ల జీవితం మనకు వచ్చి ఉండేదే, కొంచెంలో తప్పిపోయింది అన్నట్టు ఉంటుంది. నాకూ ఒక తోడికోడలుంది, తెనాలిలో. అక్కా అని పిలుస్తాను. ఆవిడ సంగతి తరవాత.

పోలిక బాధిస్తున్నప్పుడు మనవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే ఓదార్పు ఒకటుంది: "పైకి అలా కనిపిస్తారుగానీ, వాళ్లకూ ఏవో బాధలుంటాయిలే." ఇది నాకు అసలు గిట్టదు. బాధలుంటాయి, నిజమే, ఎవరికి ఉండవు? కానీ ఆ మాట అన్నప్పుడు మనసు చేస్తున్న పనేమిటి? ఆ పెద్దింట్లో ఏ గదిలో ఏడుపు వినిపిస్తుందా అని చెవి ఒగ్గడం. పై మెట్టు మీద ఉన్నవాణ్ణి ఊహలో కిందికి దింపి ఊపిరి పీల్చుకోవడం. దానికి వేదాంతం అని పేరు పెట్టుకోవడం మరీ అన్యాయం.

పోలికలన్నీ చెడ్డవని కూడా నేను అనను. గుంటూరు చుట్టుపక్కల మిరప తోటల్లోకి వెళ్లి చూడండి. ఒకే పొలంలో, ఒకే ఎండలో మగకూలీకి ఒక రేటు, ఆడకూలీకి ఒక రేటు. ఆమె పక్కవాడి కూలి చూసి 'నాకెందుకు తక్కువ' అని అడిగితే అది అసూయ కాదు. మా కాలేజీలో ఒక కాంట్రాక్టు లెక్చరర్ ఉండేది. అదే సిలబస్, అవే క్లాసులు, నా జీతంలో మూడోవంతు కూడా రాదు. ఆమె పోల్చి చూసుకుని అడిగింది, అడగడమే సబబు. అలాంటి మనిషితో తృప్తిగా ఉండమ్మా, భగవంతుడు చూస్తాడు అని చెప్పేవాళ్లు ఆ జీతం ఇచ్చేవాడి తరఫునే మాట్లాడుతున్నట్టు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఆమెకు సమానంగా ఇస్తే ఆ పోలిక అక్కడితో తీరిపోతుంది. దుర్యోధనుడికి ఏమిస్తే తీరేది? ఇంద్రప్రస్థం కూడా వచ్చింది కదా పాచికల్లో. అది వచ్చాక కూడా, అడవిలో నారచీరలు కట్టుకున్నవాళ్లను చూసి ఆనందించాలని, పశువుల మందలు చూసే నెపంతో ఘోషయాత్ర పెట్టుకుని వెళ్లాడు. వెళ్లి గంధర్వుల చేతికి చిక్కాడు. విడిపించడానికి ఆ నారచీరలవాళ్లే రావలసి వచ్చింది.

తీరని ఈ పోలిక గురించి మా దగ్గర్లోనే ఒక పాత మాట ఉంది. గుంటూరు నుంచి అమరావతి గంట పైచిలుకు ప్రయాణం. అక్కడి స్తూపంలో మిగిలింది మట్టిదిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. ఈ ప్రాంతంతో ముడిపెట్టి చెప్పుకునే బౌద్ధాచార్యుడు నాగార్జునుడు ఒక రాజుకు ధర్మం బోధిస్తూ 'రత్నావళి' రాశాడు. ఆ రాజు శాతవాహనుడని సంప్రదాయం. అందులో చివరన, వదిలించుకోవలసిన దోషాలు యాభై ఏడింటిని వరసగా చెబుతాడు. వాటిలో అహంకారం ఒక్కటే ఏడు రకాలు. నాకంటే తక్కువవాడి కన్నా నేను ఎక్కువ అనుకోవడం అహంకారమే, అది మనకు తెలిసిందే. నాతో సమానమైనవాడితో నేను సమానం అనుకోవడం కూడా అందులోనే వేశాడు. ఇంకా వింత, నాబోటివాడు ఎందుకు పనికొస్తాడు అని తనను తాను కించపరచుకోవడాన్ని కూడా ఏడింటిలో ఒకటిగా చేర్చాడు.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు మా కాలేజీ వరండా గుర్తొచ్చింది. ఫెయిలైన పిల్ల భుజం మీద చెయ్యేసి మేము చెప్పే మాట, "నువ్వు ఎవరికీ తీసిపోవు." ఆ పూటకు అది అవసరమే, ఆ పిల్లను ఆ వరండా నుంచి క్షేమంగా ఇంటికి పంపాలి గదా. ఇంటర్ రిజల్ట్స్ వచ్చే వారం మన రెండు రాష్ట్రాల్లో పేపరు తెరవాలంటే ఎంత భయమో అందరికీ తెలుసు. ఆ పూట దాటాక మాత్రం ఆ మాట పని చెయ్యదు. తీసిపోనని తెలుసుకోవడానికి ఆ పిల్ల మళ్లీ అందరి వైపూ చూడాల్సిందే. త్రాసు పక్కన పెట్టమని చెప్పకుండా, ముల్లు మధ్యలో నిలబడిందిలే అంటున్నాం. నాగార్జునుడు ఎక్కువ, తక్కువ, సమానం మూడింటినీ ఒకే గాటన కట్టాడంటే, ఆయన చూపు త్రాసు మీదే ఉందన్నమాట. నేను పనికిరానిదాన్ని అని కుమిలిపోయే మనిషి కూడా రోజంతా తనను తాను తూస్తూనే ఉంటుంది. ఇంకో పనికి తీరిక ఉండదు.

ఇది ఎంత లోతుగా పాతుకుందో చెప్పడానికి వ్యాసుడు ధర్మరాజునే ఎంచుకున్నాడు. స్వర్గారోహణపర్వంలో, అన్నీ వదిలి, అందరూ దారిలో రాలిపోగా, బొందితో స్వర్గానికి చేరాడాయన. చేరగానే కంటబడింది ఎవరు? సూర్యుడిలా వెలుగుతూ సింహాసనం మీద కూర్చున్న దుర్యోధనుడు. ధర్మరాజు మొహం తిప్పేసుకున్నాడు. ఇతనున్న చోట నేనుండను, నా తమ్ముళ్లెక్కడ అన్నాడు. నారదుడు నవ్వాడు. ఇది స్వర్గమయ్యా, ఇక్కడ పగలుండవు అని చెప్పాల్సి వచ్చింది. ధర్మరాజు అడిగినదాంట్లో న్యాయం లేదని కాదు. మొహం తిప్పిన ఆ వేగం మాత్రం మానవుడిది. అంత దూరం నడిచినవాడికే ఆ గుమ్మంలో ఎదురైందంటే, ఇక నేను ఫలానా పుస్తకం చదివాను, పోల్చుకోవడం మానేశాను అని ఎవరైనా చెబితే నమ్మే స్థితిలో నేను లేను.

రిటైరయ్యాక మా సంస్కృతం మాస్టారు బ్రాడీపేటలో తమ ఇంటి హాల్లో ఉపనిషత్తుల పాఠం మొదలుపెట్టారు. వచ్చేవాళ్లం ఎక్కువ మంది నాలాంటి ఆడవాళ్లమే. తైత్తిరీయంలో ఆనందవల్లి, ఎనిమిదో అనువాకం దగ్గర లెక్కలావిడనని నన్ను ముందుకు పిలిచారు. అక్కడ ఉపనిషత్తు ఆనందాన్ని కొలుస్తుంది. ముందు ఒక ప్రమాణం పెట్టుకుంటుంది. ఒక యువకుడు, మంచివాడు, చదువుకున్నవాడు, దృఢంగా బలంగా ఉన్నవాడు, భూమి మీది సంపదంతా అతనిదే. అతని ఆనందం ఒకటి అనుకోండి. దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వులది. దానికి నూరు రెట్లు దేవగంధర్వులది. ఇలాగే పితృదేవతలు, ఆజానజులు, కర్మదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి, చివరికి బ్రహ్మ. పది మెట్లు, మెట్టుకు నూరు రెట్లు. బోర్డు మీద వేసి చూపించాను, ఒకటి పక్కన ఇరవై సున్నాలు. "అంతా అమెరికా జీతాల్లా ఉందే" అంది వెనక నుంచి ఒకావిడ.

ప్రపంచంలో ఇంత పెద్ద రాంకుల జాబితా ఇంకోటి ఉండదు. కానీ ఆ జాబితాకు ఒక చిత్రమైన పల్లవి ఉంది. ప్రతి మెట్టు దగ్గరా, వేదం చదివి, కోరిక దెబ్బ తగలనివాడికి కూడా ఇంతే ఆనందం అని కలుపుతుంది. మనుష్యగంధర్వుల దగ్గరా ఇంతే, ఇంద్రుడి దగ్గరా ఇంతే, బ్రహ్మ దగ్గరా ఇంతే. లెక్క ప్రకారం చూస్తే ఇది కుదరని వ్యవహారం. ఒకే మనిషి ఒకేసారి పది మెట్ల మీదా ఎలా ఉంటాడు? ప్రతి మెట్టుతోనూ సమానమైన రాశి ఒకటి ఉందంటే ఆ మెట్ల మధ్య ఉన్న నూరు రెట్ల తేడా దానికి వర్తించడం లేదని అర్థం. అంత ఓపిగ్గా నిచ్చెన కట్టి, మెట్టు మెట్టుకూ ఒక మేకు ఊడదీస్తూ పోయింది ఉపనిషత్తు. తప్పు, ఎక్కకు అనలేదు. ఆనందాల్లో తేడా లేదని కూడా అనలేదు. ఇంద్రుడి ఆనందం ఇంద్రుడిదే, పెద్దదే.

ఆ పల్లవి మొదటి చోట ఉండదు. భూమి అంతా తనదైన ఆ యువకుడి దగ్గర దాన్ని పలకదు, రెండో దగ్గర్నుంచే మొదలవుతుంది. మాస్టారు దానికి శంకరుల వివరణ చెప్పారు. మనుషుల భోగాల మీద ఆశ పోయినవాడికి ఆ యువకుడి కన్నా నూరు రెట్లు ఎక్కువ, మనుష్యగంధర్వుడితో సమానంగా దక్కుతుందని చెప్పడానికే మొదట వదిలేశారట. లోకంలో ఏ ఇంట్లో ఏముందో దానివల్ల దెబ్బ తగలకపోవడం, ఆ ఇల్లు సొంతం కావడం కన్నా పెద్ద సుఖమన్నమాట. వినడానికి చాలా బాగుంది. పాఠం అయ్యాక ప్రసాదం తింటూ మాలో ఒకావిడ, "మాస్టారూ, మాలో ఎవరు బాగా పట్టుకుంటున్నారండీ?" అని అడిగేసింది. ఆయన అందరికీ ఇంకో లడ్డూ పెట్టించారు.

కోరిక దెబ్బ తగలకుండా ఉండటం నా బోటిది ఎక్కడ మొదలుపెట్టాలి? దీనికి నాకు పనికొచ్చిన మాట పతంజలిది. చిత్తం తేటపడాలంటే సుఖంగా ఉన్నవాళ్ల పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల పట్ల కరుణ, పుణ్యం చేసేవాళ్లను చూసి సంతోషం, పాపం చేసేవాళ్ల పట్ల ఉపేక్ష అలవాటు చేసుకోమన్నాడు. దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణ మనకు కొంత తేలిగ్గానే వస్తుంది, అక్కడ మనమే పై మెట్టు మీద ఉంటాం కదా. జాబితాలో మొదటిది సుఖంగా ఉన్నవాళ్లతో స్నేహం. వ్యాఖ్యాత వాచస్పతి మిశ్రుడు ఈర్ష్య అనే మురికి పోయేది దీనితోనే అంటాడు. అయితే స్నేహం అంటే దూరం నుంచి దీవించడం కాదని నా నమ్మకం. దూరం నుంచి చూస్తే అవతలి సుఖం ఒక అంకెలాగే కనిపిస్తుంది. ఇంత ఇల్లు, ఇన్ని ఎకరాలు, ఇంత జీతం. అంకెల్ని పోల్చడం తప్ప ఏం చేస్తాం? దగ్గరికి వెళ్లి కూర్చుని, ఇది ఎలా వచ్చింది, ఎలా పనిచేస్తుంది, రోజూ దానితో ఏం చేస్తావు అని అడగడం మొదలుపెడితే అంకె కరిగిపోయి అవతలివాళ్ల బతుకు కనిపిస్తుంది. ఎవరి బతుకైనా రాంకు వెయ్యడానికి లొంగనంత చిక్కుగా ఉంటుంది. లెక్కల్లో కూడా, కొలతలు పెరిగేకొద్దీ రెండు బిందువుల్లో ఏది ముందు, ఏది వెనక అన్న ప్రశ్నకు అర్థం పోతుంది. ఒకే గీత మీద ఉన్నప్పుడే ముందూ వెనకా.

మా అక్క, అంటే తెనాలి తోడికోడలు. ఆవిడ కొడుకూ మావాడూ ఇద్దరూ అమెరికాలోనే, ఇద్దరూ సాఫ్ట్‌వేరే, గ్రీన్ కార్డు కోసం ఇద్దరిదీ ఈబీ-2 లైనే. ఒక దేశంలో పుట్టినవాళ్లకు ఏడాదికి మామూలుగా ఏడు శాతానికి మించి గ్రీన్ కార్డులు ఇవ్వరు కాబట్టి మనవాళ్ల క్యూ ఏళ్ల తరబడి కదలదు. ఎవరి వంతు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా రాగానే తెనాలిలోనూ గుంటూరులోనూ ఫోన్లు మోగుతాయి. ఈమధ్య అక్క కొడుకు డాలస్ దగ్గర ఇల్లు కొన్నాడు. ఫొటోలు వాట్సాప్‌లో వచ్చాయి. నాలుగు పడకగదులు, వెనక పచ్చిక. మావాడింకా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాడు. ఫోటోలు చూసి 'కంగ్రాట్స్' అని ఒక పూలగుత్తి బొమ్మ పంపి ఊరుకోవచ్చు. నేను ఫోన్ చేశాను.

"బాగుందక్కా ఇల్లు. పునాది ఎలాంటిది?" అని అడిగాను. మా నాన్నగారు నల్లరేగడిలో ఇల్లు కట్టి ఎండాకాలం గోడలు నెర్రెలిస్తే ఎంత అవస్థపడ్డారో చూసినదాన్ని, నాకు ఇల్లనగానే ముందు ఆ ధ్యాసే. అక్కకు నేను అలా అడగడం ఎంతో నచ్చింది. అక్కడా అదే గోలటే, అని మొదలుపెట్టింది. ఆ నేల కూడా మన రేగడి లాంటిదే, వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. నేల మీది స్లాబే పునాది, నేల కుంచించుకుంటే అది కుంగి గోడలు పగులుతాయి. అందుకని ఎండాకాలం ఇంటి చుట్టూ చిల్లుల గొట్టం పరిచి నేలకు నీళ్లు పెడతారట. మొక్కలకు కాదే, ఇంటికి! అని ఒకటే నవ్వు. కొడుకు ఆ గొట్టం గోడకు ఎంత దూరంలో పరిచాడో, మరీ ఆనించి పెడితే ఏమవుతుందో, నీళ్ల బిల్లు చూసి కోడలు ఏమందో, తలుపు ఒకటి బిగుసుకుపోతే ఎవర్ని పిలిచారో అన్నీ చెప్పింది. నేను మా నాన్నగారి ఇంటి సంగతి చెప్పాను. అరుగు దగ్గర పగుల్లో మా తమ్ముడు రూపాయి బిళ్ల పడేసుకుని ఏడవటం అక్కకు కూడా గుర్తుంది, అప్పటికి కొత్తగా పెళ్లయి మా ఇంటికి పేరంటానికి వచ్చింది.

మాటల్లో మాటగా తనే అడిగింది. "అవునే, మీవాడి ప్రయారిటీ డేటు ఎప్పటిదీ?"

"2014."

"అయితే మావాడికన్నా వెనకే. మాది 2012."

"వెనకేనక్కా, వాడు రెండేళ్లు ఆలస్యంగా వేశాడుగా" అన్నాను. "అది సరేగానీ, ఆ నీళ్లు రోజూ పెట్టాలా, రోజు విడిచి రోజా?"